డి డ్రైవ్ పోదు

సింధియా జంక్షన్‌లో టైపు షాపు నడిపే గురునాథరావుకి వేళ్ళు ఎంత వేగమో, నోరు అంతకన్నా వేగం. అర్జీ అయినా పెళ్ళికార్డయినా, మీ బస్సు వచ్చేలోగా కొట్టి చేతిలో పెట్టేవాడు. కీబోర్డు వైపు చూసేవాడు కాదు. చూసి కొట్టేవాళ్ళంటే ఆయనకి మహా చులకన. ఇరవై రెండేళ్ళలో ఆ చులకన దాచుకోవాలని ఒక్కసారీ అనిపించలేదు. కాస్త నోరు తగ్గించుకోమని చెప్పీ చెప్పీ భార్య గౌరీశ్వరి కూడా ఊరుకుంది.

ఆ నోటికి రోజూ దొరికే మనిషి సూర్యకళ. కొండ అవతల సముద్రం ఒడ్డునున్న యారాడ పిల్ల, ముప్పై ఏళ్ళు ఉండొచ్చు. తండ్రి, అన్నలు సముద్రం మీద చేపల వేటకి వెళతారు. తను మాత్రం టైపు నేర్చుకుంటానని పట్టుబట్టి, ఏడాదిగా ఆ షాపులోనే పని చేస్తోంది. తెర మీద తెలియని బటన్ కనిపిస్తే చాలు, చెయ్యి వెనక్కి తీసుకుని, "ఇది నొక్కితే ఏటైనా పోద్దా మాస్టారూ?" అని అడిగేది.

"ఎవులు నొక్కినా పోదు గానీ నువ్వు నొక్కితే పోద్ది" అనేవాడాయన, ఎదురుగా ఎవరున్నా సరే. వాళ్ళు నవ్వేవారు. ఏం చేస్తుంది, ఆమె కూడా నవ్వేది.

ఇలా ఉండగా కంప్యూటరుకి కాలం చెల్లింది. పాత విండోస్‌కి ఇక అప్‌డేట్లు రావని రోజూ తెర మీద నోటీసు. కొత్త విండోస్ ఏమో ఆ మిషన్‌కి ఎక్కదు. రిపేర్లు చేసే సత్యం వచ్చి చూసి పెన్ డ్రైవ్ ఒకటి చేతిలో పెట్టాడు.

"దీన్లో లినక్స్ ఉంది, విండోస్ లాటిదే. ఎక్కించుకో బావా. ఫ్రీ. నీ పాత మిషన్ కూడా బానే నడుత్తాది. ముందు నీ ఫైళ్ళన్నీ ఏరేగా తీసి పెట్టుకో. అర్థం కాపోతే ఫోన్ సెయ్యి, నానొచ్చి ఎక్కిత్తాను."

అర్థం కాకపోతే అన్న మాట గురునాథరావుకి ముల్లులా గుచ్చుకుంది. తనకి అర్థం కాకపోవడమేమిటి?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మన టైపు షాపుల వాళ్ళందరికీ ఒక గట్టి నమ్మకం ఉంది. సిస్టమ్ ఎన్నిసార్లు పాడైనా, మెకానిక్ వచ్చి సి డ్రైవ్ ఒక్కటే ఊడ్చి మళ్ళీ విండోస్ వేస్తాడు. డి డ్రైవ్ జోలికి పోడు. అందుకని దాచుకోవలసినవన్నీ డి లోనే దాచుకుంటారు. ఇంట్లో బీరువా ఎంతో షాపులో డి డ్రైవ్ అంత. గురునాథరావు కూడా ఆ ధీమాతోనే ఒక్క ఫైలు కూడా బయటికి తియ్యలేదు.

ఆదివారం పొద్దున్న, షాపు తలుపు సగం దించి, ఒక్కడే కూర్చున్నాడు. పెన్ డ్రైవ్ గుచ్చగానే, పాత విండోస్ పక్కన వెయ్యాలా, డిస్క్ చెరిపేసి వెయ్యాలా అని మిషన్ ఇంగ్లీషులో అడిగింది. డిస్క్ అంటే సి అనుకున్నాడు. చెరిపెయ్యమన్నాడు. నిజంగానా అని ఇంకోసారి అడిగింది. ఒక మిషన్ తనని రెండుసార్లు అడగడమేమిటని విసుక్కుని మరీ నొక్కాడు.

పావుగంటలో అంతా అయిపోయింది. తెర శుభ్రంగా, చూడముచ్చటగా ఉంది. డి డ్రైవ్ కోసం వెతికాడు. సి లేదు, డి లేదు. డాక్యుమెంట్స్ అని ఒక ఫోల్డర్ ఉంది. తెరిస్తే ఖాళీ. డిస్క్ అంటే సి, డి రెండూ కలిపేనని అప్పుడు తెలిసింది. ఇరవై రెండేళ్ళ పని పోయింది. అందులో యారాడ బోటు సంఘం జాబితా కూడా ఉంది. సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళకి గుర్తింపు కార్డుల కోసం సూర్యకళ నెల రోజులు కూర్చుని కొట్టిన రెండువందల పన్నెండు పేర్లు. చేతిరాత చీటీలు ఎప్పుడో చిత్తుకాగితాల్లో కలిసిపోయాయి. ఆ జాబితా గురువారం మత్స్యశాఖ ఆఫీసులో ఇవ్వాలి.

సోమవారం, సూర్యకళ ఇంకా రాకముందే, సంఘం పెద్ద కోటి వచ్చాడు. షాపులో అప్పటికే నలుగురున్నారు.

"లిస్టు కాయితాలు తీసీసేరేటి రావుగారూ?"

నలుగురి ముందు తెలియక చెరిపేశానని చెప్పుకోవాలా? నోరు వేగమని ముందే చెప్పాను కదా. మనసు అడ్డుపడేలోగా అనేసింది.

"మీ ఊరి పిల్ల సెరిపేసింది కోటీ. శనివారం సిస్టమ్ కట్టేసేటప్పుడు ఏటి నొక్కిందో ఏటో, మొత్తం పోయింది. నాను మళ్ళీ కొత్తగా ఎక్కించుకోవలసొచ్చింది."

కోటి ముఖం నల్లబడింది. వచ్చిన బస్సుకే యారాడ వెళ్ళిపోయాడు. ఆ రోజు సూర్యకళ రాలేదు. మంగళవారమూ రాలేదు. గురునాథరావు ఫోన్ తీసి ఆమె నంబరు చూసుకోవడం, జేబులో పెట్టుకోవడం, రెండు రోజులూ ఇదే పని.

బుధవారం పొద్దున్నే వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. చేతిలో పొడుగు నోటుపుస్తకం. రెండు రోజులు ఇంటింటికీ తిరిగి, ఆధార్ కార్డులు అడిగి చూసి, అన్ని పేర్లూ మళ్ళీ రాసుకొచ్చింది.

"తప్పయిపోయింది మాస్టారూ. ఏటి నొక్కేసేనో నాకు తెలీదు. నా మూలంగా మీ ఫైళ్ళన్నీ పోయేయంట."

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉంటుందా? గురునాథరావు గొంతు సవరించుకున్నాడు.

"సర్లే. ఇకమీదట జాగర్తగా ఉండు" అన్నాడు.

విన్నారా? క్షమించేశాడు. తను చేసిన పాపానికి ఆ పిల్లని క్షమించేశాడు. అన్న మరుక్షణం ఆయనకే ఒళ్ళంతా కంపరమెత్తింది. ఆమెని కూర్చుని కొట్టమన్నాడు. ఆమె కుర్చీ దగ్గరికే రాలేదు.

"నాను సదువుతాను, మీరు కొట్టండి. నాను ముట్టుకుంటే ఇదీ పోద్దేమో."

ఆమె చదువుతోంది, ఆయన కొడుతున్నాడు. లినక్స్‌లో తెలుగు అక్షరాలు ఆయన అలవాటు పడిన చోట లేవు. తల వంచి, కీబోర్డు మీద కళ్ళు పెట్టి, చూపుడు వేలితో ఒక్కో అక్షరం వెతుక్కున్నాడు. తాతబాబు అన్న పేరు కొట్టడానికే ఆపసోపాలు పడ్డాడు. సూర్యకళ అంతా చూసింది. నవ్వలేదు.

"నెమ్మదిగా కొట్టండి మాస్టారూ. టైముంది కదా" అంది.

ఇన్నేళ్ళలో తను ఎవరితోనూ అనని మాట అది. తిట్టినా అంత సిగ్గుపడేవాడు కాదేమో.

మూడింటికి జాబితా పూర్తయింది. సంఘం వాళ్ళ సంతకాలు కావాలి. నేనూ వస్తానని తలుపు దించి ఆమెతో బస్సెక్కాడు. బస్సు కొండ ఎక్కి దిగేంతసేపూ చెప్పాలనుకుంటూనే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఒడ్డున కోటి, మరో ఐదారుగురు కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. గురునాథరావు కాగితాలు వాళ్ళ ముందు పెట్టాడు.

"కోటీ, ఈ పిల్ల ఏటీ సెరపలేదు. నానే సెరిపేసేను. నాకు తెలీక సేసేను. ఆ మాట సెప్పుకోడానికి సిగ్గేసి దాని మీద పెట్టేసేను."

కోటి వల మీంచి తల ఎత్తలేదు.

"మాకు సెప్తన్నారు, బాగుంది. దానికి సెప్పేరా?"

గురునాథరావుకి తల కొట్టేసినట్టయింది. వెనక్కి తిరిగాడు. సూర్యకళ అక్కడే నిలబడి ఉంది. అంతా వింది.

"నానేనమ్మా" అన్నాడు.

ఆమె ఆయన ముఖంలోకే చూసింది.

"రెండ్రోజులు ప్రతి గుమ్మంలోనూ తిట్లు తిన్నాను మాస్టారూ. నిజంగా నానే సేసేనేమో అనుకున్నాను."

ఆయన ఇసక వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమే మళ్ళీ అడిగింది.

"అయితే నాను నొక్కినా పోదన్నమాట?"

"పోదమ్మా" అన్నాడు గురునాథరావు, తల ఎత్తకుండానే.