మాట్లాడని మొగుడి మీద ఖులా

విదాద్‌ది బుల్లి దోసకాయల్లాంటి కూసా కాయలు తొలిచే పని. ఈజిప్టులో మీత్ అల్-అసల్ అనే ఊరి బజారులో, చేపల సందు మొదట్లో పట్టా పరుచుకుని కూర్చునేది. లేత కాయలోకి సన్నటి కత్తి పోనిచ్చి ఒక్క తిప్పు తిప్పిందంటే గుజ్జంతా బయటికొచ్చేది, తొక్కకి గాటు పడేది కాదు. ఉద్యోగాలకు పోయే ఆడవాళ్ళు సాయంత్రం ఇంటికెళ్తూ ఆ కాయలు కొనుక్కుని, బియ్యం కూరి వండుకునేవారు. కత్తికి తగ్గ నోరు కూడా ఉంది ఆవిడకి. బేరమాడేవాళ్ళతో, పక్క కొట్టువాళ్ళతో, ఎవరూ లేకపోతే కాయలతోనైనా మాట్లాడుతూనే ఉండేది.

అలాంటి మనిషికి శౌఖీ లాంటి మొగుడు దొరికాడు. అతను కాలవ తూము దగ్గర కాపలాదారు. కొట్టడు, తిట్టడు, జీతం తెచ్చి చేతిలో పెడతాడు. ఇంటికి రాగానే తిన్నగా డాబా ఎక్కి పావురాల గూట్లో దూరతాడు. చీకటి పడ్డాక దిగి, పెట్టింది తిని పడుకుంటాడు. కూతురు నర్మీన్ పెళ్ళై వెళ్ళిపోయాక ఆ ఇంట్లో అతని నోట "ఉప్పు" అన్న మాట వచ్చిందంటే పెద్ద ఉపన్యాసం కిందే లెక్క.

ఆ చలికాలం విదాద్‌కి గొంతు పట్టేసింది. వారం పాటు మాట పెగల్లేదు. బజారంతా కంగారుపడింది. చేపల వాళ్ళు సోంపు కషాయం పంపించారు. శౌఖీ మాత్రం ఏమైందని అడగలేదు. గొంతు వచ్చాక ఆవిడ అన్న మొదటి మాట, "కోర్టు ఎటు?"

కోర్టు కిటికీ దగ్గర గుమాస్తా తల ఎత్తకుండానే చెప్పాడు.

"మొగుణ్ణి వదిలే ఖులా అయితే ముందు పక్క గదికి పోవాలమ్మా. అక్కడ రాజీ చేస్తారు. కుదరలేదని వాళ్ళంటే అప్పుడు ఇక్కడికి రా."

"కుదరదని నేను చెబుతున్నాగా, నాయనా."

"నీకు తెలిస్తే సరిపోదు. ప్రభుత్వానికి తెలియాలి."

పక్క గదిలో బల్ల వెనక మూడు కుర్చీలున్నాయి. ఒకదాంట్లో న్యాయ సలహాదారు ఉస్తాద్ ముఖ్తార్, ఇంకోదాంట్లో సంసారాల సంగతి చూసే మదాం ఇక్బాల్. మూడోది మనస్తత్వం చూసే ఆవిడది. ఆవిడ పురుటి సెలవు మీద వెళ్ళడంతో ఆ కుర్చీలో ఫైళ్ళు కూర్చున్నాయి.

"ఖులాకి కారణం చూపించక్కర్లేదు," అన్నాడు ముఖ్తార్. "పెళ్ళిలో మొగుడి దగ్గర పుచ్చుకున్న మెహర్ తిరిగిచ్చేసి, ఈయనతో బతకలేనంటే చాలు. ఇంతకీ కారణం ఏంటి?"

"అక్కర్లేదంటూనే అడుగుతారేం?"

"రాజీ చెయ్యాలి కదమ్మా. దేనికి చెయ్యాలో తెలియొద్దూ?"

"మాట్లాడడు."

ముఖ్తార్ కలం ఆగింది. "ఎవరితో?"

"మనుషులతో."

మదాం ఇక్బాల్ నిట్టూర్చింది. "మా ఆయన నోరు మూయడు. మార్చుకుందామా, అక్కా?" అంది. ముఖ్తార్ గట్టిగా దగ్గాడు.

శౌఖీకి పిలుపు పంపారు. మొదటి వాయిదాకి అతను రాలేదు. విదాద్ వరండాలో ఊరికే కూర్చోలేక వెంట తెచ్చుకున్న సంచీ విప్పి కాయలు తొలవడం మొదలెట్టింది. పక్క బల్ల మీద, ఆస్తి వాటాల పంచాయితీతో వచ్చిన అన్నదమ్ములు తగువు ఆపి ఆ కత్తి వంకే చూశారు. మధ్యాహ్నానికి మదాం ఇక్బాల్ బయటికొచ్చి రెండు కిలోలు తూయమంది.

"వాది దగ్గర కూరగాయలు తీసుకోకూడదు మదాం," అన్నాడు వెనకనుంచి ముఖ్తార్.

"డబ్బిచ్చి కొంటున్నానండీ."

"కొన్నా అంతే. రేపు ప్రతివాది పావురాలు పట్టుకొస్తే ఏం చేస్తాం?"

రెండో వాయిదాకి ప్రతివాది పావురాన్ని పట్టుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తడి దువ్వెనతో దువ్విన జుట్టు, చంకలో చిన్న పంజరం. ముఖ్తార్ రెండు చేతులూ పైకెత్తేశాడు.

"మేం ఏదీ పుచ్చుకోం."

"మీక్కాదండీ," అన్నాడు శౌఖీ చిన్నగా. "దీనికి గొంతు వాచింది. గంటగంటకీ మందు చుక్కలెయ్యాలి."

విదాద్ లేచి నిలబడింది.

"విన్నారా? దాని గొంతు వాచిందని తెలిసింది. నాకు వారం రోజులు గొంతు పోతే తెలీలేదు. అది కువకువలాడకపోతే కోర్టుకి మోసుకొస్తాడు. నేను నోరు మూస్తే ఏంటని కూడా అడగడు."

పంజరంలోంచి ఓ కీచుమన్న దగ్గు వచ్చింది.

"తెలుసు," అన్నాడు శౌఖీ.

"ఏం తెలుసు?"

"నువ్వు మాట్లాడ్డం మానేశావని. ముప్పయ్యేళ్ళలో ఎప్పుడూ మానలేదు. నా మీద ఎంత కోపమొస్తే మానేసిందో అనుకున్నా. కిందికి రావాలంటే భయమేసింది. రెండు రాత్రులు గూట్లోనే పడుకున్నా."

విదాద్ మెల్లిగా కుర్చీలో కూర్చుంది.

"ఈ ముక్క ఇంట్లో చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేవారా?" అంది మదాం ఇక్బాల్.

"ఈవిడ చెబుతుంటే మధ్యలో ఎక్కడ దూరాలో తెలీదండీ. ఆగుతుందేమోనని చూస్తా. ఈలోపు అన్నం అయిపోతుంది."

విదాద్‌కి నవ్వొచ్చింది. అది కనబడకుండా ఉండాలని కొంగున ముఖం తుడుచుకుంది. అయినా దిగి రాదలచుకోలేదు. "సరే. రోజూ అన్నాల దగ్గర ఒక్క సంగతైనా చెప్పాలి. నేను మధ్యలో ఆగుతా. అలాగని రాయండి."

ముఖ్తార్ కలం పక్కన పెట్టాడు. "రాజీ పత్రం అంటే కోర్టు తీర్పుతో సమానమమ్మా. రాస్తే అమలు జరగాలి. ఈయన మాట్లాడకపోతే కోర్టు అమీనా వచ్చి నోరు తెరిపిస్తాడా?"

"వస్తే నేను కాఫీ ఇస్తా."

"ఆగడం మాటేమిటి? నువ్వు ఆగావో లేదో ఎవరు చూస్తారు?"

దీని మీద చాలాసేపు నడిచింది. 'మర్యాదగా మెలగుదురు' అని రాద్దామన్నాడు ముఖ్తార్. ఆయన మర్యాదగానే ఉంటాడు, అదే నా ఏడుపు అంది విదాద్. 'కలిసి భోంచేయుదురు' అంటే చేస్తూనే ఉన్నాం అన్నాడు శౌఖీ. బయట తర్వాతి జంట తలుపు మీద కొడుతోంది. ముఖ్తార్ విసిగిపోయి ఇక ఫైలు కోర్టుకి పంపేస్తానన్నాడు.

అప్పుడు శౌఖీ పావురానికి చుక్కలు వేసి, సీసా మూత బిగించి, బల్ల వైపు జరిగాడు.

"నేనొకటి చెప్పొచ్చాండీ? నాకు చెప్పడానికున్నవన్నీ పైనే ఉంటాయి. కిందికొచ్చేసరికి ఉండవు. శుక్రవారాలు ఈవిడ్ని పైకి రమ్మనండి."

"నా మోకాళ్ళ సంగతి తెలీదా? ఆ మెట్లకి పట్టుకోడానికేం ఉంది?"

"కడ్డీ వేయిస్తా."

"పదేళ్ళుగా వేయించమంటున్నా."

"అన్నావు. ఆగకుండా ఇంకా చాలా అన్నావు. అందులో అది పోయింది."

ముఖ్తార్ ముఖం వికసించింది. "కడ్డీ. ఇనప కడ్డీ. ఎన్ని మెట్లు? ఎప్పటిలోగా?" అంటూ గబగబా రాసుకుపోయాడు. అమీనా వెళ్ళి కళ్ళారా చూసి రాగల విషయం ఆయనకి చాన్నాళ్ళకి దొరికింది. ఇద్దరూ సంతకాలు పెట్టారు. మదాం ఇక్బాల్ కేసు ముగిసిందా అని రెండుసార్లు అడిగి, రెండు కిలోలూ అప్పుడు కొనుక్కుంది.

కడ్డీ వారంలో వచ్చింది, కొంచెం వంకరగా. మొదటి శుక్రవారం విదాద్ టీ పళ్ళెంతో పైకెక్కి, ఇష్టంగా ఆయాసపడుతూ, మడత కుర్చీలో కూర్చుంది. శౌఖీ జెండా ఊపి పావురాల మందని ఎగరేశాడు. అవి ఊరి మీద చుట్టు తిరుగుతున్నంతసేపూ ఏది ఎవరి బిడ్డో, ఏది పక్కవీధి వాళ్ళ మందలోంచి మనసు మార్చుకుని వచ్చేసిందో చెప్పుకొచ్చాడు. విదాద్ మూడు చోట్ల నోరు తెరిచి మూడు చోట్లా మూసుకుంది. నాలుగోసారి ఆగలేకపోయింది. అతను ఊరుకుని, ఆవిడ అయిపోయేదాకా విని, ఎక్కడ ఆపాడో అక్కణ్ణించే మళ్ళీ మొదలెట్టాడు.