పొయ్యి మసి

బంగారం అయిపోయాక జనం వదిలేసి వెళ్లిన ఊరు అది. కెల్లీవిల్‌లో మా ఇంటి నుంచి కారులో నాలుగు గంటల పైనే పట్టింది. కొన్ని ఇళ్లను బాగుచేసి చూపిస్తున్నారు. మిగతా చోట్ల అంతా గడ్డి. ఆ గడ్డిలో అక్కడక్కడా ఒక కర్ర, దానికి ఒకప్పుడు అక్కడున్న ఇంటి ఫొటో. ఎవరో తలుపు తీస్తారన్నట్టు ఒక్కో ఫొటో ముందూ కాసేపు ఆగాను.

పాపకు తొమ్మిదో నెల. అంతకు ముందు నెల జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. భయం లేదని డాక్టర్ చెప్పి పంపించాడు. అప్పటి నుంచి అది నిద్రపోతుంటే ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడటం నాకు అలవాటైంది. నాకు కాస్త మార్పుగా ఉంటుందని మా ఆయనే ఈ ప్రయాణం పెట్టారు.

ఒక గని కార్మికుడి ఇంట్లో చెక్క ఉయ్యాల ఉంది. ఇల్లు చూపించే పెద్దావిడ, ఫొటోకి బాగుంటుంది, పాపను పడుకోబెట్టమంది. నేను వద్దనేలోపే ఆయన పడుకోబెట్టి ఫొటో తీశారు. ఆవిడ ఆ ఇంటివాళ్ల సంగతులు ఆప్యాయంగా చెబుతోంది. ఆ ఉయ్యాలలో ఊగిన ఐదుగురిలో ఇద్దరే పెద్దవాళ్లయ్యారట.

పాపను గబుక్కున ఎత్తుకున్నాను. ఆయన నా మొహం చూశారు.

“డాక్టర్ ఏం లేదన్నాడు కదా. ఇంకా ఎన్నాళ్లిలా?”

కోపం లేదు ఆ గొంతులో. అలసిపోయారు, అంతే. బయట ఇసుక జల్లించి బంగారం వెతుక్కునే తొట్టి ఉందంటే, ఆవిడ వెంట అటు వెళ్లారు.

కాటుక ఇంట్లోనే మర్చిపోయి వచ్చాను. ఆ గదిలోని పాత పొయ్యి లోపలి రాళ్లు నల్లగా ఉన్నాయి. వేలితో గట్టిగా రుద్దితే కొంచెం మసి అంటింది. పాప సాక్స్ తీసి, అరికాల్లో దిష్టిచుక్క పెట్టాను. మైక్రోబయాలజీ చదివినదాన్ని. ఎవరైనా చూస్తే ఏం చెప్పాలా అని ఆలోచించాను కూడా. చూడటానికి ఎవరూ లేరు.

కారులో పాపను సీటులో కూర్చోబెడుతుంటే సాక్స్ ఊడింది. ఆయన పాదం పట్టుకుని నవ్వారు.

“నడకే రాలేదు, ఎక్కడ తొక్కావే తల్లీ ఇది?”

తడి టిష్యూతో మెల్లగా, వేళ్ల సందుల్లో కూడా తుడిచారు. అదేమిటో చెబుదామనుకున్నాను.

నేను పాప పక్కన కూర్చున్నాను. ఆయన వెనక తలుపు వేసి డ్రైవర్ సీటు వైపు వెళ్లారు. నా చూపుడు వేలికి ఇంకా కాస్త మసి ఉంది. ఆయన వచ్చి కూర్చునేలోగా దాన్ని పాప చెవి వెనక రాసి, జుట్టు కప్పాను.