గేటు దగ్గర మొదలుపెడితేనే

ఆసుపత్రి అంబులెన్సు నడిపే ఆయన్ని అందరూ సందుల మావయ్య అనేవారు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఏ సందు ఏ వీధిలోకి తేలుతుందో, బడి వదిలే వేళకు ఏ మలుపు తప్పించాలో ఆయనకు కొట్టిన పిండి. దారి తప్పిన డ్రైవర్లు నడిరోడ్డు మీంచి ఫోన్ చేస్తే అన్నం తింటూనే చెప్పేవాడు. సెల్‌ఫోన్‌లో దారి చెప్పే గొంతు వింటే మాత్రం ఒళ్లు మండేది. "దానికేం తెలుసు, పుట్టి పట్టుమని పదేళ్లు కాలేదు" అనేవాడు. గొప్పలు పోయేవాడు, కాదనను. ఆ గొప్పలకు తగ్గ సరుకు ఆయన దగ్గరుంది.

పోయినేడాది నుంచి ఆ సరుకు తరిగిపోతూ వచ్చింది. ఒకరోజు రోగిని దింపి వేరే దారిన వస్తూ, రోజూ చూసే చౌరస్తాలో బండి ఆపేశాడు. మందుల షాపు గుర్తే, పక్కన టైలరూ గుర్తే. ఆసుపత్రి ఎటుందో మాత్రం తట్టలేదు.

భార్య పోరు పడలేక డాక్టరు దగ్గరికి వెళ్లాడు. డాక్టరు తల స్కానింగ్ తీయించి, ఆ ఫిల్ము చూసి విడమరిచి చెప్పాడు. "ఊరంతటినీ పైనుంచి చూసినట్టు పటం గీసుకునే చోటు మెదడులో ఒకటుంటుంది. ఇక్కడ కుడికి, అక్కడ ఎడమకి అని మలుపుల్ని అలవాటుగా పట్టుకునే చోటు వేరే. మీకు మొదటిది అరిగిపోతోంది. రెండోది ఇంకా గట్టిగానే ఉంది. బండి మాత్రం మానెయ్యండి." మావయ్య రెండోది గట్టిగా ఉందన్న మాటొక్కటే చెవికెక్కించుకున్నాడు.

దాంతో ఒక ఉపాయం పన్నాడు. ఆసుపత్రి గేటు దగ్గర మొదలుపెడితే చేతులూ కాళ్లూ వాటంతటవే ఏ వీధికైనా తీసుకెళ్లేవి. మధ్యలో మొదలుపెడితే అంతా అయోమయం. అందుకని రోడ్డు మీదుండగా పిలుపొస్తే, ఏదో సాకు చెప్పి వచ్చిన దారినే గేటుకి వెళ్లి, అక్కణ్నుంచి బయల్దేరేవాడు. సెల్‌ఫోన్ పెట్టుకుంటే సరిపోయేదే! నలుగురిలో నవ్వులపాలవుతానని భయం. బండి వెనక కూర్చునే నర్సుకు సంగతి తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో తను వణికిపోతుంటే ధైర్యం చెప్పిన మనిషని కడుపులో పెట్టుకుంది.

ఒక మధ్యాహ్నం ఖాళీ బండితో వస్తుంటే పిలుపొచ్చింది. నీళ్ల ట్యాంకు వెనక వీధిలో ఒక పెద్దావిడకు ఊపిరాడటం లేదు.

"దగ్గరేనా మావయ్యా?" అని నర్సు వెనకనుంచి అడిగింది.

ఆయన నీళ్లు నమిలాడు. "ఆసుపత్రికెళ్లి ఆక్సిజన్ సిలిండర్ మార్చుకుని పోదాం."

"పొద్దున్నే మార్చాం కదా!"

సైరన్ వేసుకుని గేటు దాకా వెళ్లి, బండి తిప్పి, ఆ ఇల్లు చేరేసరికి పద్నాలుగు నిమిషాలు పట్టింది. పెద్దావిడ కూతురు తల్లి చెయ్యి పట్టుకుని కూర్చునుంది. నర్సు నాడి చూసి తలదించుకుంది.

"మీ బండి ఇందాకే మా వీధి చివర్నుంచి వెళ్లింది," అంది కూతురు. "సైరన్ విని బయటికొచ్చి చెయ్యి ఊపాను. కనపడలేదాండీ?"

"కనపడలేదమ్మా," అన్నాడు. అది అబద్ధం. చూశాడు. ఎవరో పాపం తన బండికి అడ్డం తొలగిస్తున్నారనుకుని ముందుకు పోయాడు.

తిరిగొచ్చాక నర్సు పిలుపుల వివరాలు రాసే కాగితం తీసి, ఆలస్యానికి కారణం ట్రాఫిక్ అని రాయబోయింది. మావయ్య కలం లాక్కుని "దారి తెలియలేదు" అని రాశాడు. కాగితమూ తాళాలూ తీసుకెళ్లి ఆఫీసరు బల్ల మీద పెట్టాడు. ఆఫీసరు చదివి, వేళాకోళమనుకుని పగలబడి నవ్వాడు. మావయ్య అంతా మొదట్నుంచీ చెప్పాల్సొచ్చింది.

బయట మెట్ల మీద నర్సు ఎదురుచూస్తోంది.

"నేరుగా వెళ్లుంటే ఆవిడ బతికేదా?" అని అడిగాడు.

"అవన్నీ ఎవరు చెప్పగలరు మావయ్యా?"

"పదకొండేళ్లు నా బండిలో ఇలాంటివాళ్లనే చూశావు. నువ్వు చెప్పగలవు."

నర్సు కళ్లు తుడుచుకుంది. "బతికేది," అంది. "నాకూ తెలుసు కదా, నేనూ నోరు మూసుక్కూర్చున్నాను."