మా అమ్మాయి తీసుకోని కెమిస్ట్రీ

సౌదీలో ఉన్న ఈ యాన్బులోని మన తెలుగు సంఘం ఏటా ఒక శుక్రవారం సాయంత్రం, ప్లస్ టూ అయిన పిల్లలు ఏ చదువుకు ఏ సబ్జెక్టులు తీసుకోవాలో చెప్పడానికి సమావేశం పెడుతుంది. దానికి డాక్టరుగారిని పిలుస్తారు, బ్యాంకులో పనిచేసే ఆయన్ని పిలుస్తారు, ఒక ఏడాది విజిట్ వీసా మీద వచ్చిన ఎవరి బావమరిదినో కూడా వేదిక ఎక్కించారు గాని, ఇరవై ఆరేళ్లుగా ఇదే ఊళ్లో ఉంటూ ప్లానింగే వృత్తిగా బతికిన నన్ను మాత్రం ఇంతవరకు ఒక్కసారి మాట్లాడమనలేదు. కుర్చీలు వేయడానికి పిలిచారు, రెండుసార్లు, అది నాకు గుర్తుంది. సంఘం వాళ్ల వార్షిక సంచికకు జ్ఞాపకాలు రాయమని అందరికీ సందేశం పంపారట, నాకు రాలేదు. అయినా రాసి పంపుతున్నాను. వేస్తారో వేయరో వాళ్ల ఇష్టం.

పోయిన వారం మా పై అంతస్తులో ఉండే నెల్లూరు వాళ్ల అమ్మాయి మా తలుపు తట్టింది. సొంతంగా కారు నడుపుకుంటూ బజారుకు వెళ్లి వస్తోంది, చేతిలో తాళాలు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. డిగ్రీ తర్వాత ఫిజియోథెరపీలో చేరాలని దాని కోరిక. ఆ కాలేజీ వాళ్లు డిగ్రీలో ఏమేం చదివి ఉండాలో ఇచ్చిన జాబితాను నా ముందు పెట్టి, "అంకుల్, మీరు ప్లానర్ కదా, నా మూడేళ్లూ కొంచెం ప్లాన్ చేసి పెట్టరా, మా నాన్నకి ఇవేం తెలీవు" అంది. నన్ను ఆ పని అడిగిన మొదటి మనిషి ఈ ఊళ్లో అదే. జాబితాలో మూడో వరుసలో కెమిస్ట్రీ, ల్యాబ్‌తో సహా అని ఉంది. నేను అక్కడే ఆగిపోయాను. రేపు రమ్మని పంపించి, ఆ కాగితాన్ని మడిచి బల్ల మీద పెట్టుకున్నాను.

నా పని సంగతి తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. ఇక్కడి ప్లాంట్లలో ఏడాదికొకసారి షట్‌డౌన్ వస్తుంది. అంటే యంత్రాలన్నీ ఆపి, విప్పి, కడిగి, బాగుచేసి మళ్లీ నడిపించే రోజులన్నమాట. ఏ పని ఏ రోజు మొదలై ఏ రోజు ముగియాలో, ఏ పని ముగిస్తే గాని ఏ పని మొదలుకాకూడదో పెద్ద కాగితం మీద అడ్డగీతలుగా గీసిపెట్టేవాణ్ణి నేను. ఒక్క వాల్వు మరిచిపోతే ప్లాంటు లేవదు. నేను ఎప్పుడూ మరిచిపోలేదు. నా పేరు చెప్పుకుని ఇంజనీర్లు ప్రమోషన్లు తెచ్చుకున్నారు, వాళ్ల సెండాఫ్ పార్టీల్లో నా పేరు ఎవరూ ఎత్తలేదు, ఆ సంగతి ఇప్పుడు వద్దు.

పదమూడేళ్ల కిందట మా అమ్మాయి ఇక్కడి ఇండియన్ స్కూల్లో పన్నెండు పూర్తి చేసింది. ఆ రోజుల్లో మన పిల్లలకు ఇక్కడ కాలేజీ దొరకడం ఎంత కష్టమో నా తోటివాళ్లకు చెప్పనక్కర్లేదు. కొందరు ఆడపిల్లల్ని ఇండియా హాస్టళ్లకు పంపి, ఇక్కడ ఉండనిచ్చే అనుమతి కార్డు, ఇకామా, పోగొట్టుకున్నారు, మిగిలిన వాళ్లం ఇంటి దగ్గరే ఉంచి మన దేశంలోని దూరవిద్య డిగ్రీలకు కట్టించాము. మా అమ్మాయి మాత్రం అందరిలాగా ఏదో ఒక డిగ్రీ అనుకోలేదు. జెద్దాలో ఒక ప్రైవేటు కాలేజీ ఫార్మసీ కోర్సుకు డిగ్రీ చదివిన అమ్మాయిల్ని తీసుకుంటుందని ఎక్కడో తెలుసుకుని, వాళ్లకు ఏమేం కావాలో సన్నటి అక్షరాలతో రాసుకొచ్చింది. జీవశాస్త్రం ల్యాబ్‌తో, కెమిస్ట్రీ ల్యాబ్‌తో, ఇంగ్లీషు, కొంచెం గణాంకశాస్త్రం. మందుల దుకాణంలో డబ్బాల మీది పేర్లు చదివి ఏది దేనికో చెప్పడం దానికి చిన్నప్పటి ఆట.

నేను సైట్ నుంచి షట్‌డౌన్‌కు వాడే పెద్ద కాగితం ఒకటి తెచ్చి హాల్లో పరిచాను. పైన మూడేళ్ల నెలలు, పక్కన సబ్జెక్టులు. రంజాను, బక్రీదు సెలవులు ఆకుపచ్చతో నింపాను, నా వార్షిక సెలవు నీలంతో. ఎందుకంటే మన డిగ్రీలను నిర్ణయించింది యూనివర్సిటీలు కావు, మన లీవు కాగితాలు. ప్రాక్టికల్స్ చేయాలంటే కడపలోని సెంటరుకు వెళ్లి కొన్ని వారాలు ఉండాలి, ఆడపిల్ల ఒంటరిగా వెళ్లకూడదు, తండ్రికి సెలవు ఎప్పుడు దొరికితే అప్పుడు జరిగే ప్రాక్టికల్స్ ఉన్న సబ్జెక్టే ఆ పిల్లకు ఇష్టమైన సబ్జెక్టు అవుతుంది. మనలో ఎంతమంది పిల్లలు అట్లా చరిత్రలోకి, కామర్సులోకి పోయారో మీకు నాకంటే బాగా తెలుసు.

వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం ప్రాక్టికల్స్ ఎండాకాలంలో, నా సెలవులో చక్కగా ఇమిడిపోయాయి. కెమిస్ట్రీవి మాత్రం చలికాలంలో, సరిగ్గా షట్‌డౌన్ నడిమధ్యన పడ్డాయి. మా సైట్ ఇంచార్జి కరీంనగర్ మనిషి, సెలవు అడిగితే క్యాబిన్ నిండా జనం ఉండగా నవ్వాడు. "షట్‌డౌన్ల లీవడుగుడంటే, పెండ్లినాడు పెండ్లిపిలగాడు నేను ఊరికి పోయొస్త అన్నట్టున్నదే! వీసా ఇచ్చిన కఫీల్ కాళ్లు మొక్కినా ఇయ్యడు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్విన వాళ్లలో ఎవరెవరు ఉన్నారో ఇప్పటికీ చెప్పగలను. కొడుకు పదో తరగతి పరీక్షల్లో ఉన్నాడు గనుక మా ఆవిడ కదలలేదు. యూనివర్సిటీకి తేదీలు మార్చమని మూడు ఉత్తరాలు రాశాను, దేనికీ జవాబు లేదు, నకళ్లు నా ఫిర్యాదుల ఫైల్లో ఉన్నాయి.

ఆ సాయంత్రం మా అమ్మాయి ఆ కాగితం ముందు మోకాళ్ల మీద కూర్చుని, కెమిస్ట్రీ వరుస మీద వేలు పెట్టింది. "పెద్దమ్మ వాళ్ల ఇల్లు సెంటర్ కాడికి నడిచిపోయేంత దూరమే కదా నాయనా. ఇరవై దినాలే. ఫ్లైట్‌లో తెలిసినోళ్లు ఎవరో ఒకరు ఉంటారు, నేను పోయొస్తా" అంది.

ఇక్కడ ఆ పెద్దమ్మ ఇంటి సంగతి చెప్పాలి. ఆవిడ మా ఆవిడకు తోడబుట్టిన అక్క. అంతకు నాలుగేళ్ల ముందు వాళ్ల పెద్దమ్మాయి పెళ్లికి ఇక్కడి నుంచి ప్రత్యేకంగా సెలవు పెట్టుకుని వెళ్లాను. భోజనాల దగ్గర మొదటి బంతిలో కూర్చోబోతుంటే మా షడ్డకుడు, అంటే ఆవిడ భర్త, భుజం మీద చెయ్యి వేసి లేపి, "ఏం అబ్బీ, సౌదీ వాళ్ల ఖబ్సా అన్నానికి అలవాటు పడినోనివి, మా బిర్యానీ నీకు యాడ దిగుతాదిలే! మగపెళ్లివాళ్లను తిననీ, నువ్వు ఇంటోనివే గదా" అన్నాడు. పందిరంతా నవ్వింది. రెండో బంతిలోనూ నన్ను పిలవలేదు. మూడో బంతి వేసేలోగా నేను బస్టాండులో ఉన్నాను. ఆ ఇంటి గడప మళ్లీ తొక్కనని ఆ రోజు అనుకున్నాను, తొక్కలేదు.

అందుకని మా అమ్మాయితో, ఆ ఇంట్లో మనం మంచినీళ్లు కూడా తాగేది లేదని చెప్పాను. షట్‌డౌన్ అయిపోనీ, వచ్చే ఏడు చూద్దాం, ఈలోగా ప్రాక్టికల్స్ లేని ఎకనామిక్స్ తీసుకో, అదీ ఒక శాస్త్రమే అన్నాను. అది వాదించలేదు. నా పెన్సిళ్ల డబ్బాలోంచి రబ్బరు తీసుకుని, కెమిస్ట్రీ అని తానే రాసిన అక్షరాలను తానే తుడిచి, కాగితం మీది పొడిని అరచేత్తో జాగ్రత్తగా పక్కకు నెట్టి, అక్కడ ఎకనామిక్స్ అని రాసింది. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. మరుసటి ఏడు కూడా షట్‌డౌన్ చలికాలంలోనే వచ్చింది, మేమూ ఆ మాట ఎత్తలేదు.

ఎండాకాలాల్లో మాత్రం కడపకు వెళ్లేవాళ్లం. అక్క ఇంటికి రెండు వీధుల అవతల ఒక పోర్షను అద్దెకు తీసుకుని ఉండేవాళ్లం. కూరగాయలకని వెళ్లిన మా ఆవిడ రెండు గంటలకు గాని తిరిగొచ్చేది కాదు, సంచిలో రెండు వంకాయలు ఉండేవి. నేను అడిగేవాణ్ణి కాదు. మా అమ్మాయి మాత్రం రోజూ పొద్దున్నే మైక్రోస్కోపు ముందు కూర్చోవడానికి పరుగెత్తేది, వేళ్లకు రంగులు అంటించుకుని వచ్చి, ఉల్లిపొర కింద కణాలు ఎట్లా కనిపించాయో అన్నం తింటూ చెప్పేది. అవి మా ఇంట్లో సంతోషంగా గడిచిన రోజులని ఇప్పుడు తెలుస్తోంది.

డిగ్రీ ఫస్టు క్లాసులో పాసైంది. జెద్దాలో ఇంటర్వ్యూకు పిలిచారు. అమ్మాయిల విభాగంలోకి మగవాళ్లు వెళ్లకూడదు గనుక తల్లీకూతుళ్లు లోపలికి వెళ్లారు, నేను గోడ పక్కన సన్నని నీడలో కారు ఆపుకుని గంటన్నర కూర్చున్నాను. వాళ్లు బయటికి వచ్చినప్పుడు మా అమ్మాయి ముఖంలో ఏమీ కనబడలేదు. "మంచిగానే మాట్లాడినారు నాయనా. అన్నీ బాగున్నాయంట. కెమిస్ట్రీ ల్యాబు ఉండింటే తీసుకునేటోళ్లంట" అని వెనక సీట్లో కూర్చుని సీటు బెల్టు పెట్టుకుంది.

జెద్దా నుంచి యాన్బు వరకు సముద్రం పక్కగా ఉన్న ఆ రోడ్డు మీద సగం దూరం నేను ఒక్కణ్ణే మాట్లాడాను. ఉత్తరాలకు జవాబివ్వని యూనివర్సిటీని, నవ్విన ఇంచార్జిని, ముందే సరిగ్గా చెప్పని కాలేజీని, ఒక్కొక్కరినీ వరసగా తిట్టాను. దారి మధ్యలో రాబిగ్ ఊరు దాటాక మా ఆవిడ, కిటికీలోంచి బయటికి చూస్తూనే, "మా యక్క ఆ పొద్దు దీనికి తెల్లకోటు గూడ కుట్టించి పెట్టింది. నువ్వు పంపిస్తావనే అనుకునింది" అంది. అంతే అంది. నాకు తెలియకుండా కొలతలు ఎవరు పంపారో నేను అడగలేదు.  ఆ పెళ్లిలో మా షడ్డకుడు నన్ను ఇంటివాణ్ణి అన్నాడని, ఇంటివాళ్లు చివర తింటారని నాకు ఆ కారులో మొదటిసారి తోచింది. తోచినా ఒప్పుకోలేదు.

మళ్లీ ఒక ఏడాది కట్టి కెమిస్ట్రీ ఒక్కటీ పూర్తి చేయవచ్చని తెలిసి, నేను ఇంకో పెద్ద కాగితం తెచ్చాను. మా అమ్మాయి దాన్ని చుట్ట విప్పనివ్వలేదు. "ఇంక వద్దులే నాయనా, మళ్లా చార్టు గీయొద్దు" అంది, కోపం లేకుండా, నాకు టీ ఇస్తూ. ఆ ఏడాదే స్కూల్లో చిన్న తరగతులకు సైన్సు చెప్పడానికి చేరింది. తర్వాత పెళ్లయింది, సౌదీలోనే ఉన్న జిజాన్ వెళ్లింది, అక్కడా స్కూల్లోనే చెబుతోంది. అల్లుడు మంచివాడు. పిల్లలు నన్ను తాతా అని వీడియోలో పిలుస్తారు.

నా ఫిర్యాదుల ఫైలు మాత్రం లావెక్కుతూనే ఉంది. పెద్దమ్మ పోయినప్పుడు మా ఆవిడ ఒక్కతే వెళ్లింది. నాకు అప్పుడు షట్‌డౌన్ లేదు.

ఇప్పుడు ఎన్ని మారాయో. నెల్లూరు వాళ్ల అమ్మాయి ఒంటరిగా విమానమెక్కి హైదరాబాదు వెళ్లి ప్రాక్టికల్స్ చేసుకు వస్తుందట, ఎవరూ వింతగా చూడరు. ఇక్కడే కాలేజీలు తలుపులు తెరిచాయి. సెలవు కాగితం ఫోన్‌లో పెడితే ఫోన్‌లోనే మంజూరవుతుంది. రేపు రమ్మన్న అమ్మాయి మర్నాడే వచ్చింది, దానికి మూడేళ్లూ గీసి ఇచ్చాను, కెమిస్ట్రీ గీత అన్నిటికంటే ముందు గీశాను. "థాంక్యూ అంకుల్" అని వెళ్లిపోయింది. అప్పట్లో మా అమ్మాయి కోసం నా చేతిలో ఉన్నది ఆ ఒక్క గీతే. దాన్ని ఆపింది షట్‌డౌన్ కాదని రాయడానికి నాకు పదమూడేళ్లు పట్టింది.

ఆ రోజే మా అమ్మాయికి ఫోన్‌లో ఒక ప్రశ్న పంపాను. చదివినట్టు రెండు నీలం టిక్కులు పడ్డాయి. సాయంత్రం మాట్లాడినప్పుడు బీపీ మాత్రలు వేసుకుంటున్నానా అని అడిగింది, అల్లుడు తెచ్చిన మామిడిపళ్ల గురించి చెప్పింది, ఫోన్ పెట్టేసింది. అందుకే, అమ్మా, నలుగురూ చదివే చోట మళ్లీ అడుగుతున్నాను. నేను ఈ లోకంలో అందరి మీదా కాగితాలు రాశాను. నువ్వు నా మీద ఒక్కటీ రాయలేదు. ఎందుకు రాయలేదు? నన్ను క్షమించావా, లేక చెప్పినా వినడని వదిలేశావా? మాత్రల సంగతి, మామిడిపళ్ల సంగతి తర్వాత. తిట్టాలంటే తిట్టు, ఎన్ని పేజీలైనా చదువుతాను. ఈసారి మాత్రం నాకు జవాబు కావాలి.