నూనె డబ్బా

మూత్రసంచిలో క్యాన్సర్ గడ్డ తీయించుకున్నాక, మూడేసి నెలలకోసారి కెమెరా గొట్టంతో లోపల చూపించుకోవాలి. ఆ తేదీ దగ్గరపడితే నాకు ఒకచోట కాలు నిలవదు. కె. కోటపాడు దగ్గర పొలానికి వెళతాను, చెరకు తోటలో అడుగు పెట్టీపెట్టగానే ఇంటికి రావాలనిపిస్తుంది. ఇంటికొస్తే మళ్లీ బండి తాళం వెతుక్కుంటాను. పాసుకు వెళ్లిన ప్రతిసారీ నెత్తురు పడుతోందేమోనని రంగు చూసుకోవడమే పని.

ఈసారి దానికి తోడు మా బావమరిది. ఫోన్‌లో ఏదో చదివి మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"బావా, ఈ జబ్బుని కొవ్వే పెంచుతాదంట. అందులో ఎంజైములేవో ఉన్నాయంట. నూనె ముట్టుకోకు!"

అంతే, మా ఆవిడ నూనె డబ్బా అటకెక్కించేసింది. వంజరం ముక్కలు పసుపు నీళ్లలో ఉడికించి పెట్టింది. చేపే సిగ్గుపడే వంట! నోట పెట్టలేక కంచం తోసేస్తే, "కొవ్వెక్కి మాటాడతన్నారు" అంది. అప్పటికే నా చొక్కాలన్నీ వదులైపోయాయి. ఒళ్లు మండి బావమరిదిని నాలుగు తిట్టాను.

విశాఖలో డాక్టరమ్మ లోపల చూసి, చిన్న గడ్డ మళ్లీ మొలిచిందని చెప్పింది.

మా ఆవిడే అడిగింది. "సుక్క నూనె కూడా ఎయ్యలేదమ్మా. మరెలాగొచ్చింది?"

"మీరు వండే నూనె కాదమ్మా. ఆ కణాలు తమకు కావలసిన కొవ్వు తామే తయారు చేసుకుంటాయి. ఆ పని చేయించేవే ఎంజైములు. అవి ఎక్కువుంటే గడ్డ మొండిదవుతుందేమోనని పరిశోధకులు చూస్తున్నారు. వాటిని ఆపే మందులు ఇంకా పరిశోధనలోనే ఉన్నాయి. ఈ గడ్డ తీసేద్దాం. ఆయన్ని మాత్రం కడుపునిండా తిననివ్వండి."

కొవ్వెక్కింది నాకు కాదు, ఆ గడ్డకన్నమాట. ఆ మాట పైకి అని మా ఆవిడను నవ్వించబోయాను. కానీ భయమేసింది.

తిరుగు రైల్లో నేను తలుపుకీ సీటుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. అనకాపల్లి వస్తోందనగా ఆమె నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది.

"నూనె ఆపేత్తే అదీ ఆగిపోద్దనుకున్నాను. నా సేతిలో ఉన్నది అదొక్కటే గదా," అంది.

ఇంటికి రాగానే అటక మీది నూనె డబ్బా నేనే దించి, ఆమె చేతికిచ్చాను.