ఆల్బీ ట్రెలోర్ వెనకడుగు

ఆల్బీ ట్రెలోర్ ఏ వస్తువునూ దగ్గరగా చూసి ఎరగడు. చూపులో లోపమేమీ లేదు. కంటి వైద్యుడు గోడకు తగిలించిన పటంలో చిట్టచివరి వరుసను కూడా తప్పు లేకుండా చదివాడు. కాకపోతే గది చాలలేదని తలుపు తీయించి, వసారా దాటి, రోడ్డు మీద నిలబడి చదివాడు. ఎవరు ఏది చూపించినా సరే, 'ఊఁ' అని చేతులు వెనక్కి కట్టుకుని, దాని మీంచి చూపు తిప్పకుండా వెనక్కి నడవడం మొదలుపెట్టేవాడు. ఎక్కడో ఒకచోట ఆగి, తల పక్కకు వంచి, అప్పుడు గొంతెత్తి "బాగుంది!" అనేవాడు. ఆ మాటకు ముందు మరో మాట వచ్చేది కాదు.

ఆయన ఉండే మూరలప్ ఊరివాళ్ళు ఇందుకు రైల్వేను తప్పుపట్టేవారు. గోధుమలు మోసుకుపోయే రైళ్ళకు సిగ్నళ్ళు చూపిస్తూ ఆయన ఉద్యోగకాలమంతా గడిపాడు. ఎవరైనా నిలదీస్తే ఆయనా ఆ సమాధానమే చెప్పేవాడు.

"సిగ్నల్‌ను దగ్గరికెళ్ళి చూసిన డ్రైవరు దాన్ని రెండోసారి చూడడు."

పశ్చిమ ఆస్ట్రేలియాలో మనిషికి దూరం కొరత లేదు. అయినా వెనక్కి నడిచేవాడికి వెనక ఏముందో తెలియదు కదా! వార్షిక వ్యవసాయ ప్రదర్శనలో ఒకరి గుమ్మడికాయను చూస్తూ చూస్తూ గొర్రెల దొడ్డిలోకి వెళ్ళిపోయాడు. మరొక ఏడు ఒకరి గుర్రాన్ని మెచ్చుకుంటూ లామింగ్టన్ కేకుల పళ్ళెంలో కూర్చున్నాడు, కొబ్బరి తురుము అంటుకున్న పంట్లాంతోనే "బాగుంది!" అన్నాడు. ఊళ్ళోని లారీ డ్రైవర్లు ఆయన వీపు కనిపిస్తే బండి ఆపి, ఆ మెచ్చుకోలు పూర్తయ్యేదాకా ఓపికపట్టేవారు.

డడ్లీ అనే రైతుకు కూతురు పుట్టినప్పుడు, ఆ వారం రోజుల పసిగుడ్డును రొట్టెల దుకాణం ముందు ఆల్బీకి చూపించాడు. ఆల్బీ రోడ్డు దాటాడు. మాంసం కొట్టు దాటాడు.

"ఆల్బీ! పాపను చూడమంటే ఊరొదిలి పోతావేమయ్యా?"

ఆల్బీ పోస్టాఫీసు మెట్ల దగ్గర ఆగాడు. "బాగుంది! చాలా బాగుంది!"

ఆ సాయంత్రం డడ్లీ పబ్బులో అందరికీ బీరు పోయించాడు. "మా అమ్మాయిని పోస్టాఫీసు దాకా వెళ్ళి చూశాడు!" అన్నాడు. పక్కనున్నవాడి ముఖం చిన్నబోయింది. వాడి కొడుకును ఆల్బీ మాంసం కొట్టు దాకానే వెళ్ళి చూశాడు. ఆనాటి నుంచి మూరలప్‌లో గౌరవానికి కొలమానం ఆల్బీ నడిచిన దూరమే అయింది. చర్చిలో రాస్ విన్‌మర్ పాడితే ఆల్బీ ప్రతి ఆదివారం శ్మశానం గేటు దగ్గర నిలబడి వినేవాడు. ఊరంతా ఆంటీ అని పిలిచే, ఆ నేల ఆదివాసులైన నూంగర్ల ఆ పెద్దావిడ ఆ సంగతి ఎవరు అడిగినా, అడగకపోయినా చెప్పేది. "నా పాట కోసం చచ్చినవాళ్ళ పక్కన కూడా నిలబడతాడు. మీకెవరికైనా అంత జరిగిందా?"

ఈ లెక్కలో నష్టపోయింది నోరీన్ పైక్ ఒక్కతే. ఆవిడ ఊరి సంఘానికి అధ్యక్షురాలు. కుట్టుపనిలో ప్రతి ఏటి మొదటి బహుమతీ ఆవిడదే. ఆవిడ కుట్టిన దిండు చూసి ఆల్బీ ఒక్కడుగు వెనక్కి వేసి "బాగుంది" అన్నాడు. దుప్పటికీ ఒక్కడుగే. "గుమ్మం దాకా అయినా పోలేదు!" అని నోరీన్ చాలాకాలం కుమిలింది.

రొట్టెల దుకాణం మేవిస్ డన్‌స్టన్‌ది. చిన్నప్పుడు బడిలో ఆమె వేసిన గుర్రం బొమ్మను పంతులమ్మ 'ఇంటి సామాను' శీర్షిక కింద అంటించింది. అయినా మేవిస్ పట్టు వదల్లేదు. ఏటా ప్రదర్శనకు ఏదో ఒకటి కుట్టి పంపేది. ఏటా అది 'పాల్గొన్నందుకు ధన్యవాదాలు' అన్న చీటీతో తిరిగొచ్చేది. రొట్టెలకు ఆమెను పొగడనివారు లేరు. కాని రొట్టె సాయంత్రానికి కడుపులోకి పోతుంది. తన చేతులతో చేసినది ఒక్కటైనా ఈ ఊళ్ళో నిలిచి ఉండాలని, నలుగురూ తలెత్తి చూడాలని ఆమె కోరిక. దాన్ని ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే ముందుగా గుర్రం గుర్తుచేస్తారు.

రాష్ట్ర జెండాను మార్చాలా వద్దా అన్న చర్చ పెర్త్‌లో పుట్టి, అలవాటు ప్రకారం అన్ని ఊళ్ళూ తిరిగి చివరికి మూరలప్‌కు చేరింది. ప్రతి ఊరూ తాను కోరుకునే జెండాను కుట్టి, పెద్దరోడ్డు మీద పోయేవాళ్ళకు కనబడేలా ఎగరేయాలని ఒక పౌరసంఘం పిలుపునిచ్చింది. నోరీన్ టౌన్‌హాల్లో సభ పెట్టింది. ఆల్బీ కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన రోడ్డవతల నిలబడి, కిటికీలోంచి హాలు గోడమీది జెండాను పరిశీలిస్తున్నాడు.

"ఉన్నదానికి ఏం తక్కువైందట?" అంది నోరీన్. "నీలం గుడ్డ, మూలన బ్రిటన్ జెండా, పసుపు బిళ్ళలో నల్లహంస. మా తాతలనాటిది."

"పెనం మీద కొట్టిన గుడ్డు కనిపిస్తోంది!" అని రోడ్డవతల నుంచి ఆల్బీ అరిచాడు. "సొన మధ్యలో మాడింది!"

"అది హంస, ఆల్బీ!"

"మీకు ముందే తెలుసు గనక హంస!"

రాస్ ఆంటీ లేచింది. "జెండాలు లేనినాటి నుంచీ మావాళ్ళు ఆ పక్షిని చూస్తున్నారు. అదెప్పుడూ అంత చిన్నగా లేదు. మా తమ్ముడి వేలు కొరికినప్పుడు అసలు చిన్నగా లేదు. పెద్దది చెయ్యండి. మిగతావన్నీ తీసెయ్యండి."

"సరే, ముఖం ఎటు?" అంది నోరీన్, ఓడిపోయినా పద్ధతి తప్పకుండా.

"కర్ర వైపే," అంది మేవిస్. "జెండా పట్టుకుని ముందుకు నడుస్తుంటే హంస వెనక్కి పారిపోతున్నట్టు ఉండకూడదు కదా. మొదట్లో అలాగే ఉండేదట. డెబ్బై ఏళ్ళ కిందట ఇటు తిప్పారు."

"మంచిపని చేశారు," అంది రాస్ ఆంటీ కిటికీ వైపు చూస్తూ. "వెనక్కి నడవడానికి మనకు ఒకడున్నాడు, చాలు."

బంగారు రంగు గుడ్డ, దాని నిండా ఒకే ఒక్క నల్లహంస అని తీర్మానమైంది. కుట్టేదెవరని అడిగితే నోరీన్ చెయ్యెత్తింది. ఆ వెనకే మరొక చెయ్యి లేచింది. అది తనదేనని తెలుసుకుని మేవిస్ కూడా ఆశ్చర్యపోయింది. ఇద్దరూ కుట్టాలి, ఆల్బీ తీర్పు చెప్పాలి. రెండూ బాగున్నాయంటే, దేనికోసం ఎక్కువ దూరం నడిస్తే అదే ఊరి జెండా. ఇంతకంటే న్యాయమైన పద్ధతి ఎవరికీ తోచలేదు.

మేవిస్ హంసకు మొదట మెడ పొట్టిదైంది. అతుకు వేస్తే వంకరపోయింది. వంకర సరిచేయబోతే వీపు ఉబ్బింది. రొట్టె కోసం వచ్చిన రాస్ ఆంటీ దాన్ని చాలాసేపు చూసింది.

"కేటిల్ బాగానే ఉంది. టీ ఎప్పుడు పోస్తుంది?"

"అది హంస, ఆంటీ."

"ఆ సంగతి దానికి చెప్పావా?"

మేవిస్ ఆ రోజు రొట్టెలు రెండుసార్లు మాడ్చింది. జెండాను పొయ్యిలో వేద్దామని కూడా అనుకుంది. వేయలేదు.

తీర్పు నాడు ఊరంతా ఫుట్‌బాల్ మైదానంలో చేరింది. ముందు నోరీన్ జెండా ఎగిరింది. దాని మీది హంసకు ఒక్కొక్క ఈకనూ విడిగా, ఒక్కొక్క ఈకలో ఒక్కొక్క పోగునూ విడిగా కుట్టింది ఆ మహాతల్లి. ఆల్బీ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఒకటి, రెండు అడుగులు వేశాడు. ఆగిపోయాడు.

"బాగుంది!"

"అంతేనా?" అంది నోరీన్. ఆవిడ జెండాను దించి, అంచుకు అంచు కలిపి మడిచింది.

తర్వాత మేవిస్ జెండా ఎగిరింది. జనంలో ఎవరో దగ్గారు. ఆల్బీ 'ఊఁ' అని వెనక్కి కదిలాడు. మైదానం గీత దాటాడు. గోలు కర్రల మధ్య నుంచి వెళ్ళాడు. ఆగి ఉన్న కార్ల సందుల్లోంచి వెళ్ళాడు. కంచె అడ్డొస్తే డడ్లీ పరుగెత్తుకెళ్ళి తీగ పైకెత్తి పట్టుకున్నాడు. ఆల్బీ కింద నుంచి దూరి, కోతకోసిన గోధుమ పొలంలోకి నడిచాడు. గొర్రెలు దారి ఇచ్చాయి.

"పోస్టాఫీసు ఏ మూలకి!" అన్నాడు డడ్లీ, ఓటమిని హుందాగా ఒప్పుకుంటూ.

మేవిస్‌కు ఆ గౌరవమేదీ పట్టలేదు. ఆమెకు కనిపిస్తున్నదల్లా నోరు మెదపకుండా దూరమైపోతున్న ఒక మనిషి. నడుముకు కట్టుకున్న పిండి గుడ్డతోనే కంచె దూరి పరుగెత్తింది.

"ఆల్బీ, ఆగు! ఇంకెంత దూరమయ్యా?"

"ఇంకొంచెం, మేవిస్. ఇంకా వంటింట్లోనే ఉంది."

ఆమెకు ఆంటీ అన్న కేటిల్ గుర్తొచ్చింది. అయినా పక్కనే నడిచింది. నీటిగుంట గట్టు దగ్గర ఆల్బీ ఆగాడు. తల పక్కకు వంచాడు. ముఖం విప్పారింది.

"అదిగో. నీళ్ళలోకి దిగింది."

మేవిస్ వెనక్కి తిరిగి చూసింది. అంత దూరాన, అంత ఆకాశం కింద, బంగారు గుడ్డ మీద ఒక నల్లహంస మెడ వంచి గాలికి ఎదురీదుతోంది. అతుకు లేదు, ఉబ్బు లేదు, కేటిల్ లేదు. అయినా ఆమె అడిగింది మెచ్చుకోలు గురించి కాదు.

"ఆల్బీ, నిజం చెప్పు. నువ్వు వెనక్కి నడిచేది సిగ్నళ్ళ అలవాటు వల్లేనా?"

ఆల్బీ గొర్రెలను చూశాడు. గొర్రెలు సాయపడలేదు.

"నాకు అబద్ధం నోటికి రాదు, మేవిస్. నిజం చెప్తే అవతలివాళ్ళ ముఖం చూడలేను. కాళ్ళు మాత్రం బాగానే పనిచేస్తాయి. అందుకని, బాగున్న చోటు దొరికేదాకా నడుస్తాను. ఇంతవరకు దొరకనిదంటూ లేదు."

మేవిస్ ఆ మాటను లోపలికి పోనిచ్చింది. అది ఆమె తలలోనే మెల్లగా ఊళ్ళోని ఇంటింటికీ తిరిగింది.

"అయితే డడ్లీ పాప?"

"వారం రోజుల పిల్ల కదా, ముడతలు. పోస్టాఫీసు దగ్గర నుంచి ఎంత ముద్దుగా ఉందో!"

"రాస్ ఆంటీ పాట?"

"గాలి అటు వీచినప్పుడు గేటు దగ్గర బాగానే ఉంటుంది," అన్నాడు ఆల్బీ నిజాయితీగా.

మేవిస్ గట్టు మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నవ్వు సగంలో ఆగింది. "అంటే ఊరు మొత్తంలో అధ్వాన్నమైనది నాదేనన్నమాట."

"దగ్గర్నుంచి అయితే, అవును," అన్నాడు ఆల్బీ. "కాని జెండాను ఒళ్ళో పెట్టుకుని చూసేదెవరు? రోడ్డు మీంచి చూస్తారు. నోరీన్‌ది ఇక్కణ్ణుంచి మసిగుడ్డ. నీది హంస. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు."

"బాగుంది!" అని ఆయన కేక వేశాడు. అంత దూరం ఆ కేక పోలేదు. టోపీ తీసి, లైను క్లియరన్నట్టు ఊపాడు. మైదానం హోరెత్తింది.

వాళ్ళు తిరిగొచ్చేసరికి కంచె దగ్గర నోరీన్ నిలబడి ఉంది, మడిచిన జెండా గుండెకు ఆనించుకుని.

"ఇన్నేళ్ళు నోరు మూసుకున్నాను, ఆల్బీ. దిండుకు ఒక్కడుగు. దుప్పటికి ఒక్కడుగు. ఇవాళ, కళ్ళు పోయేలా కుట్టినదానికి రెండడుగులు. మేవిస్ కేటిల్ కోసం గొర్రెల దాకా పోతావా? నేనేం పాపం చేశాను? నాది మళ్ళీ ఎగరేస్తాను. నువ్వు ఆ గట్టు దాకా వెళ్ళి చూడాల్సిందే!"

ఆల్బీ ముఖం పాలిపోయింది. గట్టు మీద నిలబడితే ఆయనకు కనిపించేది మసిగుడ్డ. ఆయన బాగుందనలేడు. బాగాలేదనీ అనలేడు. అక్కడే నిలబడి గొర్రెల్లో కలిసిపోతాడు. అసలు సంగతి మేవిస్ ఒక్క మాటలో చెప్పేయవచ్చు: ఊళ్ళో గొప్ప పనిమంతురాలివి నువ్వే, నోరీన్, అందుకే నీకు రెండడుగులు అని. అది చెబితే నోరీన్ బతుకుతుంది. కాని ఆ క్షణం నుంచి డడ్లీ పోస్టాఫీసు వైపు చూడలేడు. రాస్ ఆంటీ ఆదివారం పాడదు. ఆల్బీ వేసే ప్రతి అడుగూ ఎవరికో ఒకరికి గుచ్చుకుంటుంది.

"గట్టు దాకా ఎందుకు, నోరీన్?" అంది మేవిస్. "అంత సన్నని కుట్టు గాలిలో ఎగురుతుంటే ఎవడి కంటికి ఆనుతుంది? దాన్ని ఇలా కారు మీద పరువు. ఆల్బీ, నువ్వు ముందుకు నడువు."

"ముందుకా?" అన్నాడు ఆల్బీ.

"నేర్చుకో. ఎడమకాలు ముందు వెయ్యి."

ఆల్బీ ఒక అడుగు ముందుకు వేశాడు. మరొకటి వేశాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు. కారు మీదికి వంగాడు. ముక్కు ఈకలకు తగిలింది. అలాగే హంస రెక్క పొడవునా తోక దాకా వెళ్ళాడు.

"నోరీన్," అన్నాడు తలెత్తకుండానే, "ప్రతి ఈకకూ నడిమి కాడ ఉంది."

"ఉండదా మరి!" అంది నోరీన్.

"ఇంత దగ్గర్నుంచి బాగున్నదాన్ని నేను ఇదివరకు చూడలేదు."

అది అక్షరాలా నిజం. నోరీన్ ముక్కు చీదుకుని, ఈ మైదానంలో దుమ్ము మరీ ఎక్కువైందని, సంఘం ఏదో ఒకటి చేయాలని అంది. సంఘం అధ్యక్షురాలు తానేనన్నది ఆ సమయానికి ఆవిడకు గుర్తులేదు. మర్నాటికి ఊరంతా పాకింది: ఆల్బీని ముందుకు నడిపించిన మొదటి మనిషి నోరీన్ పైక్.

రాష్ట్రం తన జెండాను మార్చుకోలేదు. నీలం గుడ్డ మీద ఆ గుడ్డు అలాగే ఉంది. నోరీన్ హంస టౌన్‌హాల్లో అద్దం కింద ఉంది. చూడదలచినవారు ముక్కు ఆనించి చూడవచ్చు. మేవిస్ హంస ఊరి చివర గోధుమలు నింపే సైలో పైన ఎగురుతోంది. అంత ఎత్తుకు ఎక్కి దగ్గరగా చూసే అవకాశం ఎవరికీ లేదు. పెద్దరోడ్డు మీద పోయే కార్లు నెమ్మదిస్తాయి, పిల్లలు కిటికీల్లోంచి చెయ్యి చాపి "హంస!" అని అరుస్తారు.

ఊళ్ళోకి కొత్తగా ఎవరు వచ్చినా డడ్లీ వాళ్ళను రొట్టెల దుకాణానికి తీసుకొచ్చి పరిచయం చేస్తాడు. "ఈవిడే మేవిస్. ఈవిడ పని చూడ్డానికి ఆల్బీ గొర్రెల పొలం దాటి, నీటిగుంట గట్టు దాకా వెళ్ళాడు. ఈ ఊళ్ళో ఇంతవరకు ఎవరికీ అంత గౌరవం దక్కలేదు." వచ్చినవాళ్ళు గౌరవంగా తల ఊపుతారు. మేవిస్ ముఖంలో ఏ మార్పూ లేకుండా ఆ గౌరవాన్ని స్వీకరించి, రొట్టె పొట్లం కట్టి ఇస్తుంది.