అక్షరాలు ఆడతాండాయా?

మొన్న తిరుపతి బైపాసు పక్కన టైర్ల కొట్లో నా కారు చక్రాన్ని యంత్రానికెక్కించి తిప్పుతుంటే, రబ్బరు వాసనతో పాటు ఎండిన బురద వాసన గుప్పుమంది. ఆ వాసనతో నేను మళ్ళీ తొంభైల్లోకి, మా నాయన పాత తెల్ల కారు వెనక సీట్లోకి వెళ్ళిపోయాను.

నాయన కాణిపాకానికీ శ్రీకాళహస్తికీ బాడుగలు తోలేవాడు. ఆ కారు నిండా విభూతి, వాడిన మల్లెలు, యాత్రికులు మరిచిపోయిన నిమ్మకాయలు, ఎండాకాలమైతే గోనెసంచిలో మాగిన మామిడిపండ్లు, అన్నీ కలిసిన వాసన. ఎవరైనా పలకరిస్తే అవ్వ కొంగు చాటుకు పోయే నాకు, బాడుగ లేని పూట ఇంటి ముందు నిలిచిన ఆ కారే చదువుకునే గది.

ఒక వానాకాలం స్వర్ణముఖి ఒడ్డున బురదదారిలో పోయి వచ్చాక దానికి వణుకు పట్టుకుంది. మెల్లగా పోతే ఏమీ ఉండదు. మంచి రోడ్డెక్కి వేగం అందుకోగానే స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు వణికేది. ఎక్కినవాళ్ళు భయపడి సగం దారిలోనే దిగిపోయారు. అవ్వ గుమ్మడికాయతో దిష్టి తీసింది. వణుకు పోలేదు.

"దీని గాచారమే బాలేదురా. అమ్మేసి నాయుడుపేట కంపెనీలో సేరిపో" అంది అవ్వ.

"రేపు ఒకసారి తోలి సూస్తాలే అమ్మా. కుదురుకోకుంటే అమ్మేస్తా."

నాకు అన్నం దిగలేదు.

పొద్దున్నే నాయన నన్ను పుస్తకంతో సహా వెనక కూర్చోబెట్టుకుని చంద్రగిరి వైపు తోలాడు. వణుకు మొదలవగానే తల తిప్పకుండా అడిగాడు.

"పాపా, పుస్తకంలో అక్షరాలు ఆడతాండాయా?"

"లేదు నాయనా. అట్లే ఉండాయి."

"నా సేతులు సూడు, ఎట్లా ఆడతాండాయో. అయితే రోగం ఎనకాల లేదు, ముందర చక్రాల్లో ఉండాది."

చింతచెట్టు నీడలో జాకీ పెట్టి, ఎడమవైపు ముందు చక్రాన్ని వెనక్కి, వెనకదాన్ని ముందుకు మార్చి మళ్ళీ తోలాడు. ఈసారి స్టీరింగు మీద ఆయన చేతులు నిద్రపోతున్నట్టు నిలకడగా ఉన్నాయి. ఆ చేతుల్లోంచి వణుకు లేచి, నడుచుకుంటూ వచ్చి, నా సీటు కింద దూరినట్టుంది. ఒళ్ళో పేజీ మీద అక్షరాలు చీమల బారులా కదిలాయి.

"ఆడతాండాయి నాయనా! ఆడతాండాయి!"

"ఓయబ్బా! మా పాపకు నోరుండాదే!"

ఆ చక్రాన్ని విప్పి బోర్లించి చూశాడు. టైరు మీద ఉబ్బు లేదు, రిమ్ము సొట్టపోలేదు. రిమ్ము లోపలివైపు, దాని రంగులోనే కలిసిపోయి, అరచేతంత ఏటి బంకమట్టి ఇటుకలా గట్టిపడి అతుక్కుని ఉంది. స్క్రూడ్రైవరుతో పెళ్ళగించి నా చేతిలో పెట్టాడు.

"ఇదిగో, మీ అవ్వ సెప్పిన గాచారం."

తిరిగొచ్చేటప్పుడు చేతులూ ఆడలేదు, అక్షరాలూ ఆడలేదు. ఆ మట్టిపెళ్ళను ఒళ్ళో పెట్టుకుని దారంతా చూస్తూనే ఉన్నాను. అంత కారును, అందులో ఎక్కినవాళ్ళను, మా ఇంటిని గడగడలాడించింది ఇదేనా అని! ఆ కారు అమ్మలేదు. చాలా ఏళ్ళు మా ఇంటి ముందే ఉంది.

ఇప్పుడు ఆ కారు లేదు, అవ్వ లేదు, సీట్లలో విభూతి వాసన లేదు. కొట్లో యంత్రం ఏ చక్రంలో ఎంత బరువు తేడా ఉందో అంకెల్లో చెప్పేసింది. రిమ్ముకు సీసపు ముక్క అతికించి పంపించారు. వచ్చేటప్పుడు నేను తోలుతుంటే, నాతో వచ్చిన నాయన వెనక సీట్లో పేపరు పట్టుకుని కూర్చున్నాడు. వేగం అందుకున్నాక ఉండబట్టలేక అడిగాను.

"నాయనా, అక్షరాలు ఆడతాండాయా?"

పేపరు మడిచిన చప్పుడైంది.

"నా కండ్లకిప్పుడు కారు నిలబడుండినా ఆడతానే ఉండాయి పాపా. నీ సేతులే సూసుకో."